సున్నా కూడా జవాబే

తమిళనాడులోని రాజపాళయం రాజుల ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. విజయనగర కాలంలో దక్షిణాదికి తరలివచ్చిన కుటుంబాలమని చెప్పుకునే ఈ ఊరి రాజులు తరతరాలుగా తెలుగును చెవి ద్వారానే పిల్లలకు అందించారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా ఇక్కడ నూలు మిల్లు పెట్టాక ఊరి బతుకు పత్తితో పెనవేసుకుపోయింది. అలాంటి ఇంట్లో, మిల్లు క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరైన మేనమామకూ ఇంజనీరింగ్ చదువుతున్న మేనకోడలికీ మధ్య సాగిన వాదన ఇది. విషయం ఆన్‌లైన్లో పోటీపడి ఆడే ఒక సంకేతాల ఆట. ఎదుటివాళ్ళు దాచిన సంఖ్యను కనిపెట్టడమే ఆ ఆట.

మామయ్య: రాత్రి పన్నెండున్నర దాకా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. పరీక్షలా అని అడిగితే పోటీ అన్నావు. ఎవరితో? దేనికి?

మేనకోడలు: ఎవరితోనో నాకూ తెలియదు మామయ్యా. నేనొక నాలుగంకెల సంఖ్య దాస్తాను, అవతలివాళ్ళొకటి దాస్తారు. ఒకసారి వచ్చిన అంకె మళ్ళీ రాకూడదు. నేనొక సంఖ్య చెబితే వాళ్ళు రెండే ముక్కలు చెబుతారు. సరైన చోట పడిన అంకెలు ఎన్నో అన్ని బుల్స్. అంకె ఉంది గాని చోటు తప్పితే అది కౌ. ఎవరు తక్కువ ప్రశ్నల్లో పట్టుకుంటే వాళ్ళది గెలుపు. సమానమైతే తక్కువ సమయం తీసుకున్నవాళ్ళది. ఒక్కో ఆటకు గడువు మూడు నిమిషాలు.

మామయ్య: ఈ ఆట మేమూ ఆడాం. స్కూల్లో నోటు పుస్తకం చివరి పేజీ నిండా ఇదే. దానికి ర్యాంకులు లేవు, గడియారం లేదు. గంట కొట్టేలోపు తేలకపోతే మర్నాటికి వాయిదా. ఎంతో హాయిగా ఉండేది. ఆ హాయిని పోటీ చేసి పాడుచేశారనేదే నా బాధ.

మేనకోడలు: కాగితం మీది ఆట ఎప్పటినుంచో ఉంది. 1970 ప్రాంతంలో మొర్దెకాయ్ మెయిరోవిట్జ్ అనే ఇజ్రాయెల్ తపాలా ఉద్యోగి దాన్ని రంగు రంగుల మేకుల ఆటగా మలిచాడు. ఇంగ్లండులోని లెస్టర్ ఊరి ఇన్విక్టా అనే ప్లాస్టిక్ కంపెనీ దాన్ని మాస్టర్‌మైండ్ పేరుతో తెచ్చాక కోట్లల్లో అమ్ముడుపోయింది. కంప్యూటర్లోకి ఈ ఆట నిన్న మొన్న వచ్చింది కాదు. కేంబ్రిడ్జిలో, ఎం.ఐ.టి.లో పెద్ద పెద్ద యంత్రాలున్న రోజుల్లోనే మూ అనే పేరుతో ఆడారు. మీరు పుస్తకం చివర ఆడిందే ప్రపంచమంతా ఆడింది.

మామయ్య: ఆట మీద నాకేం కోపం లేదమ్మా, పందెం మీద. మొదటి ప్రశ్న ఎలాగూ గుడ్డిగా వేసేదే. రెండోదీ సగం గుడ్డిదే. అదృష్టం బాగుంటే మూడో ప్రశ్నకే దొరుకుతుంది, బాగోకపోతే ఏడు పడుతుంది. అదృష్టం మీద ర్యాంకు పెట్టుకుంటే జూదానికీ దీనికీ తేడా ఏముంది?

మేనకోడలు: ఆ ప్రశ్న మీకంటే ముందు మన చట్టాలు వేసుకున్నాయి. 1955 నాటి బహుమతి పోటీల చట్టం అక్షరాలు, పదాలు, అంకెల కూర్పు మీద ఆధారపడిన పజిళ్ళ గురించే రాసింది. నెలకు మొత్తం వెయ్యి రూపాయలకు మించి బహుమతి పెట్టకూడదంది. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. నైపుణ్యం ప్రధానంగా ఉన్న పోటీ జూదం కిందికి రాదు, ఆ చట్టం అదృష్టం మీద నడిచేవాటికే వర్తిస్తుంది అని. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ గురించీ అదే కోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యమే ఎక్కువ అని తేల్చింది.

మామయ్య: రమ్మీ పేరెత్తావు గనుక అడుగుతున్నా. నైపుణ్యం ఉందని కోర్టు అన్న ఆ ఆటే ఫోన్లోకి వచ్చాక ఎన్ని ఇళ్ళు కూల్చిందో తమిళనాడులో ఉన్నవాళ్ళకు వేరే చెప్పాలా? 2022లో రాష్ట్రం చట్టం చేసింది ఊరికేనా? 2025లో డబ్బు ఆటలకు అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదు దాకా తలుపులు మూయించింది ఊరికేనా? నైపుణ్యం ఉన్నంతమాత్రాన ఏ ఆటా మంచిదైపోదు.

మేనకోడలు: అక్కడ నేను మీ పక్షమే. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యమా అదృష్టమా అని చూడటం మానేసింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటైతే వద్దంది. ఈ-స్పోర్ట్స్‌నీ, ఊరికే సరదాకి ఆడే ఆటల్నీ వేరుగా పెట్టింది. నేను పైసా పెట్టను, పైసా రాదు. పోటీకీ పందేనికీ మధ్య గోడ అదే. గోడ ఇవతల ఉన్నదాన్ని అవతలి దానితో కలిపి తిట్టకండి.

మామయ్య: సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. మరి ఇదేం పోటీ? ఈ ఆట యంత్రం ఎప్పుడో తేల్చేసింది కదా. పజిళ్ళ పత్రికల్లో ఎప్పుడో చదివాను, మాస్టర్‌మైండ్‌ని అయిదు ఎత్తుల్లో తేల్చే పద్ధతిని ఒకాయన రాశాడని.

మేనకోడలు: డొనాల్డ్ క్నూత్, 1977లో. ఆరు రంగులు, నాలుగు చోట్లు, మొత్తం 1,296 సంకేతాలు. ఏది దాచినా అయిదు ప్రశ్నల్లో దొరుకుతుందని చూపించాడు. 1993లో కొయామా, లాయ్ అనే ఇద్దరు సగటున 4.34 ప్రశ్నలకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదని తేల్చారు. మేమాడే అంకెల ఆటలో సంఖ్యలు 5,040. ఏడు ప్రశ్నలు దాటక్కర్లేదు, సగటు 5.213.

మామయ్య: ఇంకేం మరి. తేలిపోయిన లెక్కకు మళ్ళీ మళ్ళీ పోటీలు పెట్టుకోవడం దేనికి?

మేనకోడలు: యంత్రం గెలవడానికి కారణం అది 5,040నీ వరసగా పెట్టుకుని చూడటమే. నా తలలో అంత చోటు లేదు. అందుకే నేను వేరే పని నేర్చుకోవాలి, మంచి ప్రశ్న అడగడం. ఒక ఆట చూపిస్తాను, ఇదిగో కాగితం. నేను 1234 అన్నాను. అవతలివాళ్ళు చెప్పారు: బుల్ లేదు, ఒక్క కౌ. ఇప్పుడు చెప్పండి, ఇది మంచి కబురా చెడ్డ కబురా?

మామయ్య: ఒక అంకె దొరికింది కదా. మంచిదే.

మేనకోడలు: ఇంకా ఎన్ని సంఖ్యలు మిగిలాయి? నాలుగు అంకెల్లో ఒకటి ఉంది, అది దాని చోట లేదు కాబట్టి మూడు చోట్లలో ఒకటి. మిగతా మూడు స్థానాలు 5, 6, 7, 8, 9, 0 నుంచి నింపాలి. నాలుగు, మూడు, నూట ఇరవై గుణిస్తే 1,440. ఇప్పుడు అసలేమీ తగల్లేదనుకోండి, బుల్ సున్నా, కౌ సున్నా. అప్పుడు నాలుగు చోట్లూ ఆ ఆరు అంకెలతోనే. ఆరు, అయిదు, నాలుగు, మూడు గుణిస్తే 360. ఒక్క అంకె తగిలితే 1,440 మిగిలాయి, ఏదీ తగలకపోతే 360 మిగిలాయి!

మామయ్య: ఏమీ తగలకపోవడమే నయమన్నమాట.

మేనకోడలు: నాలుగింతలు నయం! కొత్తగా ఆడేవాళ్ళందరూ దీన్ని చూసి డీలా పడతారు. సున్నా వచ్చిందని ముఖం వాడిపోతుంది, ఒక్క కౌ వస్తే సంబరం. పోటీలో పదిమంది చేతుల్లో ఓడితే తప్ప ఈ పొరపాటు ఒంటినుంచి వదలదు. ఇక రెండో ప్రశ్న. 5167 అడిగాను. ఎందుకో చూడండి. 1ని రెండో చోట పెట్టి, 1 ఉందా అని అడుగుతూనే 5, 6, 7ని కూడా తడిమాను. మళ్ళీ ఒక్క కౌ అన్నారు. ఈ రెండు జవాబులకూ సరిపోయేవి 378. ఒక్క అంకెకూ గ్యారంటీ లేదు, అయినా 5,040లో 378 తప్ప మిగతా అన్నీ ఎగిరిపోయాయి.

మామయ్య: ఇది నాకు తెలిసిన పనేనమ్మా. మిల్లులో నూలు కౌంట్ తేడా వచ్చిందనుకో. 120 గజాల లీ చుట్టి తూకం వేస్తే తేడా ఉందని తెలుస్తుంది, ఎక్కడ పుట్టిందో తెలియదు. బ్లోరూమ్, కార్డింగ్, డ్రాఫ్రేమ్, సింప్లెక్స్, రింగ్‌ఫ్రేమ్. ఒక్కో యంత్రం దగ్గరికీ వరసగా వెళ్తే షిఫ్టు అయిపోతుంది. అందుకని నడిమధ్య డ్రాఫ్రేమ్ స్లైవర్ పట్టుకుని చూస్తాం. అది బాగుంటే దానికి ముందున్న యంత్రాలన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులు. అక్కడ తప్పు లేదు అనే జవాబే మాకు సగం పని. కాని ఒకటి గుర్తుంచుకో. నా వెనక గడియారం పట్టుకుని ఎవరూ నిలబడలేదు. తొందరపడి తప్పు యంత్రాన్ని ఆపితే ఆ రోజు నూలంతా పోయేది.

మేనకోడలు: నిలబడలేదా? రింగ్‌ఫ్రేమ్ తిరుగుతూనే ఉంటుంది కదా మామయ్యా. మీరు ఆలోచించే ప్రతి నిమిషమూ చెడ్డ నూలు పోగవుతూనే ఉంటుంది. గడియారం గోడ మీద లేకపోయినా పనిలోనే ఉంది.

మామయ్య: ఆ తేడానే చెబుతున్నా. అక్కడ తొందర పనిలోంచి పుట్టింది. నీ ఆటలో తొందరను ఎవరో పెట్టారు. మూడు నిమిషాలని ఎవరు నిర్ణయించారు? ఎందుకు నిర్ణయించారు? ఒక ఆట ముగిసిన వెంటనే ఇంకో ఆటకి పిలవడానికి. నీ మెదడు అలసిపోయిందో లేదో వాళ్ళకక్కర్లేదు, నువ్వు తెర వదలకపోతే చాలు. రాత్రి పన్నెండున్నర అందుకే అయింది.

మేనకోడలు: ఆ మాటకు ఎదురు చెప్పను. కాని తొందర ఎప్పుడూ చెడ్డది కాదు. 1942 జనవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ పత్రిక క్రాస్‌వర్డ్ పోటీ పెట్టింది. 12 నిమిషాల్లో పూర్తి చేయాలి. చేసినవాళ్ళలో కొందరికి తర్వాత ప్రభుత్వం నుంచి కబురు వచ్చింది. యుద్ధంలో జర్మన్ల సంకేతాలు విప్పే బ్లెచ్లీ పార్కుకు మనుషులు కావాలి, అందుకని.

మామయ్య: అదే బ్లెచ్లీలో అలాన్ ట్యూరింగ్ ఏం చేశాడో చదివావా?

మేనకోడలు: చదివాను. నౌకాదళ సంకేతాల కోసం ఆనవాళ్ళను తూచే పద్ధతి పెట్టాడు. దానికి వాడే కాగితాలు బాన్‌బరీ అనే ఊళ్ళో అచ్చయ్యేవి కాబట్టి కొలతకు బాన్ అని పేరు. ఒక ఆనవాలు వల్ల తూకం ఒక ఊహ వైపు పది రెట్లు మొగ్గితే ఒక బాన్. చిన్న చిన్న ఆనవాళ్ళను కూడగట్టుకుంటూ పోవడం.

మామయ్య: కూడగట్టుకుంటూ పోవడం! అందులో గుంపు ఉంది, ఓపిక ఉంది. ఒకరి కాగితాన్ని ఇంకొకరు సరిచూడటం ఉంది. పన్నెండు నిమిషాల పరీక్ష గుమ్మంలోకి రానిచ్చింది, లోపల జరిగింది వేరే పని. నీ పోటీ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

మేనకోడలు: మరి మన అవధానం మాటేమిటి? వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఏ అక్షరం ఎన్నోదో అంకె వేసి, చీటీలు వరస తప్పించి ఇస్తాడు. అవధాని మధ్యలో సమస్య పూరించాలి, దత్తపది చెప్పాలి, అప్రస్తుత ప్రసంగీకుడి మాటలకు బదులివ్వాలి, చివర ఆ అక్షరాలన్నిటినీ చోట్లలో పెట్టి వాక్యం అప్పజెప్పాలి. అంతా తల్లోనే. అది పోటీ కాదా? తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి గెలిచింది పోటీలో కాదా?

మామయ్య: పోటీయే. కాని సభలో జరిగింది. ఎదురుగా వందమంది. అవధాని ఒళ్ళో పుస్తకం లేదని ప్రతివాడికీ కనిపిస్తుంది. పైగా ఓడినా పద్యం మిగులుతుంది. అంతదాకా ఎందుకు, సంగీతంలో కటపయాది ఉంది. మేచకల్యాణి అంటే మ అయిదు, చ ఆరు, తిరగేస్తే 65, అది అరవై అయిదో మేళకర్త. మాయామాళవగౌళ పదిహేను, ధీరశంకరాభరణం ఇరవై తొమ్మిది. సంకేతమే, కాని ఎవరినీ ఓడించడానికి కాదు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పి ఆనందించడానికి.

మేనకోడలు: కటపయాది తాళంచెవి అందరి చేతిలో ఉంది మామయ్యా. అక్కడ చదవడమే గాని కనిపెట్టడం లేదు. మా ఆటలో తాళంచెవి లేదు, ఉన్నది ప్రశ్నలే. ఆ తేడా ఒప్పుకోండి.

మామయ్య: ఒప్పుకున్నాను. మరి నువ్వు దీనికి జవాబు చెప్పు. నువ్వు పోటీపడే మనిషి పక్కన ఇంకో ఫోను పెట్టుకుని, నీ జవాబులు అందులో కొట్టి, అది చెప్పిన ప్రశ్నే నిన్ను అడగడని నమ్మకం ఏమిటి? 2021లో కోవిడ్ సాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆన్‌లైన్లో పలువురు ప్రముఖులతో చదరంగం ఆడితే, ఆయన్ని ఓడించిన ఒకాయన తర్వాత కంప్యూటర్ సాయం తీసుకున్నానని తనే చెప్పాడు. విరాళాల ఆటలోనే అలా జరిగితే ర్యాంకుల కోసం ఇంకేం జరుగుతుంది?

మేనకోడలు: జరుగుతుంది. నా మనసుకూ గుచ్చుకునేది అదే. ప్రతి ఆటలోనూ అయిదు ప్రశ్నల దగ్గరే ఆగే మనిషి ఎదురైతే గెలిచినా రుచి ఉండదు, ఓడినా నేర్చుకునేది ఉండదు.

మామయ్య: మరి ఎందుకు వదలవు?

మేనకోడలు: ఈ ఒక్క చోట నేను ఎవరికీ తీసిపోను కాబట్టి. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన సహచరి పలక్ షా కోసం చేసిన వర్డిల్ ఆటను 2021లో జనంలోకి వదిలితే లోకమంతా ఆడింది. 2022లో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. అయిదక్షరాల ఇంగ్లీషు మాట కనిపెట్టాలి. నేనూ ఆడాను. లాజిక్కులో గెలిచి మాటల దగ్గర ఓడిపోయేదాన్ని, ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు కాబట్టి. తెలుగులో ఆడదామంటే నాకు తెలుగు మాట నోట్లో ఉంది, అక్షరం చేతిలో లేదు. ఈ ఊళ్ళో ఎంతమందికి ఉంది? తమిళంలో ఆడితే అమ్మ నేర్పిన మాటలు పనికిరావు. అంకెలకు ఆ పేచీ లేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు ఉన్న రాజపాళయం పిల్లకు 8306 అన్నా ఒకటే, లండన్ పిల్లకు 8306 అన్నా ఒకటే. అక్కడ నన్ను నా ప్రశ్నతోనే కొలుస్తారు. ఎవరి కూతురివి, ఏ కాలేజీ అని అడగరు. ఆ పోటీ నాకు కావాలి మామయ్యా. నాకే కాదు, ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే ఇంటి పిల్లలకు కూడా కావాలి.

మామయ్య: ఈ మాట ముందే చెప్పి ఉంటే మన వాదన ఇంకోలా నడిచేది. నీకు సమానమైన బరి కావాలి. అది న్యాయమైన కోరికే. అయితే బరి సమానంగా ఉండాలంటే రాత్రిళ్ళు తెర ముందు పడిగాపులు కాయాలా? ఊళ్ళోనే పెట్టుకోండి. ఒక ఆదివారం పొద్దున, ఒక హాల్లో, అందరికీ ఒకటే దాచిన సంఖ్య. ఫోన్లు గుమ్మం బయట. అందరికీ సంఖ్య ఒకటే అయితే నా అదృష్టం వాదన కూడా సగం పడిపోతుంది. ఇరవై సంఖ్యలు ఆడిస్తే మిగతా సగమూ పోతుంది.

మేనకోడలు: పెడతాను. ఆన్‌లైన్ మాత్రం మానను. ఊళ్ళో ఇరవైమంది దొరుకుతారు, అక్కడ నాకంటే బాగా ఆలోచించేవాళ్ళు వేలమంది ఉన్నారు. బాగా ఆడేవాడి చేతిలో ఓడితేనే నా తప్పు నాకు కనబడుతుంది.

మామయ్య: వర్డిల్ చేసినాయన రోజుకొకటే పెట్టాడు కదా, నువ్వూ ఒక హద్దు పెట్టుకో.

మేనకోడలు: రోజుకు మూడు ఆటలు, పదింటికి తెర బంద్. ఇది మీకోసం కాదు, అలసిపోయాక నేనడిగే ప్రశ్నల్లో పస ఉండదని నాకే తెలుసు కాబట్టి.

మామయ్య: ఊరి పోటీలో ఇంకో నియమం పెట్టు. ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకడిగారో ఒక్క ముక్క రాయాలి. 5167 ఎందుకడిగావో నాకు చెప్పావే, అలా. గాలిలో వేసిన బాణం తగిలితే దానికి మార్కు వద్దు. సున్నా వచ్చినా ఆలోచించి అడిగినదైతే మార్కు ఇవ్వు.

మేనకోడలు: కారణం రాయించడం వరకు బాగుంది. కాని గడియారం తీసేయమని మాత్రం అడక్కండి. గడియారం లేకపోతే ఒక్కడు గంట కూర్చుని 378నీ కాగితం మీద రాసి కొట్టేస్తాడు. అది ప్రశ్న వేయడం కాదు, జాబితా రాయడం. యంత్రం చేసే పనిని నెమ్మదిగా చేయడం.

మామయ్య: గంట కూర్చుని 378 రాసే ఓపిక ఉన్న కుర్రాడు నాకు కావాలమ్మా. ఆ ఓపికకూ మార్కులుండాలి. మిల్లులో నేను ముందు పనిలోకి తీసుకునేది అలాంటివాణ్ణే.

మేనకోడలు: అలాగైతే రెండు పోటీలు పెడదాం. ఒకటి గడియారంతో, ఒకటి లేకుండా. రెండిట్లోనూ కారణం రాయాలి. రెండిట్లో ఏది మనిషిని పదునెక్కిస్తుందో పిల్లలు రాసిన కారణాలు పక్కపక్కన పెట్టి చదువుకుందాం. నేను ఓడితే ఒప్పుకుంటాను.

మామయ్య: ఒప్పందమే. నా పద్ధతి ఓడినా మనకు దక్కేది ఉంటుంది. ఏది పనికిరాదో తెలుస్తుంది కదా, అది నువ్వు చెప్పిన సున్నా లాంటిదే.